ఖాళీ కుర్చీ, తెరచిన టెర్మినల్

ఒక యంత్రమును పలువురు వాడుకొనునప్పుడు, ఇప్పుడు వాడుకొనుచున్నది ఎవరో ఆ యంత్రమునకు తెలియవలెను. ఈ చిన్న అవసరము నుండియే కంప్యూటర్ శాస్త్రములో ఒక పెద్ద ప్రకరణము పుట్టినది. పేరు చెప్పి, సంకేతపదము ఇచ్చి లోనికి ప్రవేశించుటను లాగిన్ అనియు, పని ముగించి వెలుపలికి వచ్చుటను లాగౌట్ అనియు మన విద్యార్థులందరును ఎరుగుదురు. ఈ రెండింటి నడుమ గడచు కాలమునకు సెషన్ అని పేరు. పాస్‌వర్డు బలముగా ఉండవలెనని చెప్పువారు అనేకులు కలరు. సెషన్ విషయము చెప్పువారు తక్కువ. ఒకే గదిలోని యంత్రములను వందలమంది వంతులవారీగా వాడుకొను మన వంటి కళాశాలలలో ఎక్కువ జాగ్రత్త కోరునది ఈ నడిమి కాలమేనని మేము తలంచుచున్నాము. ఈ వ్యాసములో ఆ విషయమునే కొంత వివరముగా చర్చింతుము.

మొదట గ్రహింపవలసినది ఏమనగా, కంప్యూటర్ సాధారణముగా మనిషిని ఒక్కసారే పరీక్షించును. సినిమా హాలు ద్వారము వద్ద నిలిచిన మనిషి టిక్కెట్టు చించి లోనికి పంపును. విశ్రాంతి సమయములో ఆ ప్రేక్షకుడు లేచి బయటకు పోగా, ఆ కుర్చీలో మరియొకడు వచ్చి కూర్చున్నచో అడుగువారు లేరు. కంప్యూటర్ విషయము కూడ ఇట్టిదే. లాగిన్ ముగిసిన క్షణము నుండి యంత్రము దృష్టిలో కుర్చీయే మనిషి. కీబోర్డుపై ఎవరి వ్రేలు పడినను, అది లోనికి వచ్చినవాని వ్రేలే. ఫైలు తుడిచివేయబడినను, ఎవరికైనా అసభ్యమైన ఉత్తరము పోయినను, మార్కుల పట్టికలో ఒక అంకె మారినను, యంత్రము వ్రాసుకొను చిట్టాలో నమోదగు పేరు కుర్చీ విడిచి టీ త్రాగుటకు పోయిన వానిదే. దొంగకు అచ్చట పేరే లేదు. సొమ్ము పోవుట ఒక నష్టము; చేయని పనికి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుట అంతకన్న చెడ్డ నష్టము.

ఈ చిక్కు కంప్యూటర్ పుట్టిన నాడే పుట్టినది కాదు. తొలి దశలో కార్డులపై రంధ్రములు పొడిచి, కట్టగట్టి యంత్రశాలలో ఇచ్చి, ఫలితము కొరకు గంటల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. యంత్రము వద్దకు పోవు అధికారము నిర్వాహకులకే ఉండెడిది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బతో గారును, వారి సహచరులును సి.టి.ఎస్.ఎస్. అను కాలవిభజన పద్ధతిని 1961 నవంబరులో ప్రదర్శించినారు. ఒకే యంత్రము తన కాలమును క్షణక్షణము పంచి పలువురికి ఒకేసారి సేవ చేయుట ఇందలి విశేషము. అప్పుడు ప్రతివాని ఫైళ్ళు ఒకే పెట్టెలో చేరినవి. ఎవరి ఫైళ్ళు వారికే దక్కుటకై ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు కేటాయించినారు.

ఆ పాస్‌వర్డునకు తొలి చిల్లు పొడిచినవాడు పరాయివాడు కాడు. ఆ సంస్థలోనే పరిశోధన చేయుచున్న అలన్ షెర్ అను విద్యార్థికి వారమునకు 4 గంటల యంత్రకాలము మాత్రమే కేటాయింపబడినది. అది ఆయన పనికి చాలలేదు. 1962లో ఆయన పాస్‌వర్డులన్నియు ఉన్న ఫైలును ముద్రింపుమని ఒక కార్డు ద్వారా యంత్రమునకే ఆజ్ఞ ఇచ్చినాడు. యంత్రము విధేయముగా ముద్రించి ఇచ్చినది. ఆయన ఈ సంగతిని పాతికేండ్లు దాచి, పిమ్మట తానే వెల్లడించినాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మన పెద్దలు ఊరక అనలేదు. 1966లో అదే యంత్రమునందు మరియొక వింత జరిగినది. వ్రాతపని చేయు ప్రోగ్రాము తన తాత్కాలిక ఫైలునకు ఎప్పుడును ఒకే పేరు పెట్టుచుండెడిది. ఇరువురు ఉద్యోగులు ఒకేసారి, ఒకరు నాటి ప్రకటనను, మరియొకరు పాస్‌వర్డుల పట్టికను సవరించుటకు పూనుకొనగా, ఆ రెండు ఫైళ్ళును తారుమారైనవి. లాగిన్ అయిన ప్రతివానికి స్వాగత ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులును ముద్రింపబడి వచ్చినవి! కోర్బతో గారు తమ ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసములో ఈ ముచ్చటను స్వయముగా చెప్పియున్నారు.

ఆనాటి టెర్మినల్ అనగా నేటి తెర కాదు. విద్యుత్తుతో నడచు టైపు మిషను. మోడల్ 33 అను టెలిటైపు సెకనునకు 10 అక్షరములను కాగితముపై కొట్టెడిది. యూనిక్స్ వాడు విద్యార్థులకు నేటికిని కనిపించు 'టి.టి.వై.' అను పొడి అక్షరములు ఆ టెలిటైపు స్మృతియే. కాగితముపై పాస్‌వర్డు పడినచో దానిని చించి పారవేసినను చెత్తబుట్టలో చదువుకొనవచ్చును. ముద్రణను ఆపుటకు వీలులేని టెర్మినళ్ళపై, యంత్రము ముందుగానే ఒకే వరుసలో అక్షరములపై అక్షరములు కొట్టి నల్లని మచ్చ చేసి, ఆ మచ్చపైననే పాస్‌వర్డు కొట్టుమని కోరెడిది. నేడు తెరపై కనిపించు చుక్కలకు పూర్వజన్మ ఆ నల్లమచ్చ యని చెప్పవచ్చును.

టెలిఫోను తీగ ద్వారా దూరమునుండి యంత్రమును వాడుకొను రోజులలో ఇంకొక చిక్కు ఉండెడిది. ఒకడు లాగౌట్ చేయకనే రిసీవరు పెట్టివేసినచో, తీగ తెగిన సంగతి యంత్రము గమనింపకున్నచో, అదే తీగకు తరువాత ఫోను చేసినవానికి వెనుకటివాని సెషన్ సిద్ధముగా దొరికెడిది. పేరు అడుగుట లేదు, పాస్‌వర్డు అడుగుట లేదు. వెనుకటివాడు సగములో విడిచిన పని తెరచియే ఉండెడిది. ఈ ప్రమాదమును నివారించుటకే తీగ తెగినంతనే ఆ టెర్మినల్‌పై నడచు ప్రోగ్రాములన్నింటికి 'హ్యాంగప్' అను సంకేతము పంపు ఏర్పాటు యూనిక్స్‌లో ఉన్నది. ఆ సంకేతము అందిన ప్రోగ్రాము సామాన్యముగా ముగిసిపోవును.

ఇక కుర్చీ విడిచి పోవు విషయము. రెండు నిముషములలో తిరిగి వత్తునను ధీమాతో లేచిన మనిషి ఆ రెండు నిముషములలో రాడు. సహాధ్యాయి పలుకరించును, నమాజు వేళ యగును, ఆఫీసు నుండి పిలుపు వచ్చును. యంత్రము మాత్రము ఎదురు చూచుచునే యుండును. దీనికి విరుగుడుగా బర్క్‌లీ విశ్వవిద్యాలయపు యూనిక్స్‌లో 'లాక్' అను చిన్న ప్రోగ్రాము చేర్చినారు. దానిని పిలిచినచో ఒక తాళపుమాటను రెండుసార్లు అడిగి, ఆ మాట తిరిగి చెప్పువరకు టెర్మినల్‌ను ఎవరికిని ఇయ్యదు. వినుటకు చక్కగా ఉన్నది. కాని దానికొక గడువు కలదు. వేరుగా చెప్పనిచో 15 నిముషములు కాగానే ఆ ప్రోగ్రాము తనంతట తానే ముగిసిపోవును. టెర్మినల్ మరల తెరచుకొనును. టెర్మినళ్ళు కొరతగా ఉన్న రోజులలో ఒకడు తాళము వేసి ఊరికి పోయినచో తక్కినవారు ఏమి కావలెనని ఆలోచించి యుందురు. భోజనమునకు పోయినవాడు ఈ గడువు సంగతి ఎరుగనిచో, తాను తిరిగి వచ్చుసరికి తాళము ఊడియే యుండును. గడువు వలదని ముందుగా చెప్పు వీలు ఉన్నది గాని, చెప్పవలెనని తెలిసినవాడే చెప్పగలడు.

లినక్స్ పద్ధతిలో ఒకే కీబోర్డు, ఒకే తెర మీద అనేక టెర్మినళ్ళు దాగియుండును. కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు ఎఫ్ వరుసలోని ఒక మీటను నొక్కినచో ఒకదాని నుండి మరియొకదానికి పోవచ్చును. కావున ఒక్క టెర్మినల్‌కు తాళము వేసి ప్రక్కదానిని తెరచి ఉంచుట తరచుగా జరుగుచుండును. 'వీలాక్' అను ప్రోగ్రామునకు 'అన్నియు' అను సూచనను జతచేసి పిలిచినచో, అది అన్ని టెర్మినళ్ళను మూసివేయుటయే గాక ఒకదాని నుండి మరియొకదానికి మారుటను గూడ నిరోధించును.

ఇంతకన్న మోసకరమైనది ఇంకొకటి ఉన్నది. కొందరు మొదట అక్షరముల టెర్మినల్‌లో లాగిన్ అయి, అందుండి ఆజ్ఞ ఇచ్చి బొమ్మల తెరను ప్రారంభింతురు. లేచునప్పుడు బొమ్మల తెరకు శ్రద్ధగా తాళము వేయుదురు. పాస్‌వర్డు అడుగు పెట్టె తెర నడుమ కనిపించుచుండును; చూచినవారికి అంతయు భద్రముగానే తోచును. కాని తెలిసిన విద్యార్థి ఒకడు మూడు మీటలు నొక్కి మొదటి టెర్మినల్‌కు పోయి, కంట్రోల్-సి నొక్కినచో బొమ్మల తెర తాళముతో సహా కూలిపోవును. దాని అడుగున లాగిన్ అయియున్న సెషన్ ఆజ్ఞకై ఎదురు చూచుచుండును. తాళము వేసి గొళ్ళెము మరచిన చందము అనగా ఇదియే. బొమ్మల తెరపైననే లాగిన్ చేయించు పద్ధతి వ్యాపించిన తరువాత ఈ బెడద తగ్గినది. పాత పద్ధతిలో ప్రారంభించువారు, బొమ్మల తెర ముగియగానే అడుగున ఉన్న సెషన్ కూడ ముగియునట్లు 'ఎగ్జెక్' అను మాటను ఆజ్ఞకు ముందు చేర్చినచో చాలును.

తాళము కూడ ఒక ప్రోగ్రామే అను సంగతిని మరువరాదు. కొన్ని పద్ధతులలో ఆ ప్రోగ్రాము కూలినచో దాని వెనుక ఉన్న తెర బయల్పడును. లినక్స్ మింట్ అను వ్యవస్థలో 2021 జనవరిలో ఇట్టి లోపమొకటి బయటపడినది. ఒక తండ్రి తన పిల్లలు ఆడుకొనుచు భౌతిక కీబోర్డుపైనను, తెరపై కనిపించు కీబోర్డుపైనను ఇష్టము వచ్చినట్లు మీటలు నొక్కగా తాళము కూలి కంప్యూటర్ తెరచుకొన్నదని నివేదించినాడు. పరీక్షించి చూడగా, ఒకానొక గుర్తుగల అక్షరమును తెర కీబోర్డులో ఎన్నుకొన్నచో ఆ లోపము తలయెత్తుచున్నదని తేలినది, దానిని సవరించినారు. పండితులకు తట్టనిది పిల్లల చేతికి తట్టినది. అందువలన వ్యవస్థకు ఎప్పటికప్పుడు వచ్చు సవరణలను వేయించుట కళాశాల బాధ్యత.

మనుష్యుడు మరచును గనుక గడియారమును కావలి పెట్టుట ఉత్తమము. బొమ్మల తెరలన్నింటిలోను ఇన్ని నిముషములు కదలిక లేనిచో తాళము పడవలెనని నిర్ణయింపవచ్చును. అక్షరముల టెర్మినల్‌లో బాష్ అను ఆజ్ఞావాహకమునకు 'టి-మౌట్' అను ఒక విలువ కలదు. దానిని 300 అని నిర్ణయించినచో, 300 సెకనులు ఆజ్ఞ రానప్పుడు సెషన్ ముగిసిపోవును. దీనికిని ఒక పరిమితి ఉన్నది. ఆజ్ఞకై ఎదురు చూచునప్పుడే ఈ గడియారము నడచును. ఏదైనా ఒక ఫైలును తెరచి సవరించుచు మధ్యలో లేచిపోయినచో ఇది పనిచేయదు. నిర్వాహకులు వాడు 'సూడో' అను ఆజ్ఞ కూడ ఇచ్చట చెప్పదగినదే. ఒకసారి పాస్‌వర్డు అడిగిన పిమ్మట, మార్పు చేయనిచో, కొన్ని నిముషముల వరకు అది మరల అడుగదు. దాని మూలరూపములో ఈ గడువు 5 నిముషములు. కొన్ని పంపిణీలలో 15. ఆ నిముషములలో కుర్చీలో కూర్చున్నవానికి ఒక విద్యార్థి అధికారము కాదు, యంత్రముపై సర్వాధికారము చేతికి వచ్చును. నిర్వాహకుడు లేచునప్పుడు 'సూడో'కు 'కె' గుర్తును చేర్చి ఆ జ్ఞాపకమును చెరిపివేయవలెను.

పాస్‌వర్డును గూర్చి ఒక్క మాట చెప్పి ముందుకు పోవుదుము. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ గారలు 1979లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో తాము సేకరించిన 3,289 పాస్‌వర్డులను పరీక్షించి, వానిలో 2,831 సులువుగా బయటపడినవని, అనగా నూటికి 86 వంతులని చూపినారు. 15 మంది ఒక్క అక్షరముతోనే సరిపెట్టుకొన్నారట! ఇంతకన్న వ్యాఖ్య అనవసరము.

ద్వారము వద్దనే జరుగు మోసము ఒకటి విద్యార్థి లోకములో చిరకాలముగా ప్రసిద్ధము. ఒకడు తన సెషన్‌లో ఒక చిన్న ప్రోగ్రామును నడిపి లేచిపోవును. అది తెరను తుడిచి, అచ్చముగా లాగిన్ అడుగునట్లే పేరును, పాస్‌వర్డును అడుగును. తరువాత వచ్చినవాడు రెండును కొట్టును. ప్రోగ్రాము వానిని దాచుకొని, 'పాస్‌వర్డు తప్పు' అని చూపి తాను ముగిసిపోవును. ఈసారి నిజమైన లాగిన్ వచ్చును. బాధితుడు తానే పొరబాటున కొట్టితిననుకొని మరల కొట్టి తన పనిలో మునిగిపోవును. ఇచ్చట సెషన్ విడిచిపోవుటయే వలయైనది. దీనికి విరుగుడుగా, ఏ సాధారణ ప్రోగ్రామును పట్టుకొనలేని మీటల కలయికను ముందుగా నొక్కించు పద్ధతి వచ్చినది. 1993లో విడుదలైన విండోస్ ఎన్.టి.లో లాగిన్‌కు ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కుమనుట ఇందుకే. ఆ మూడు మీటలు నొక్కినప్పుడు నకిలీ తెర నిలువలేదు. మన విద్యార్థులలో చాలమంది దీనిని అర్థములేని తంతుగా భావించుట మేము గమనించినాము. ఉమ్మడి యంత్రమున కూర్చుండునప్పుడు, తెరపై లాగిన్ పెట్టె సిద్ధముగా కనిపించినను, ఈ మీటలను నొక్కియో, యంత్రమును ఒకసారి ఆపి తెరచియో మొదలిడుట మేలు.

తీగల విషయము వేరొక కథ. దూరపు యంత్రమునకు టెర్మినల్‌ను కలుపు టెల్‌నెట్ అను పాత పద్ధతిలో ప్రతి అక్షరమును, పాస్‌వర్డుతో సహా, ఉన్నదున్నట్లుగా తీగపై ప్రయాణించును. దారిలో ఎవరైనను చదువుకొనవచ్చును. 1995లో ఫిన్లండ్ దేశపు హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కుపై ఎవరో ఇట్లే పొంచి పాస్‌వర్డులను సేకరించినట్లు తెలియగా, అచ్చటి పరిశోధకుడు తతు యులోనెన్ అక్షరములన్నింటిని రహస్యలిపిలోనికి మార్చి పంపు ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని రచించి, ఆ సంవత్సరము జులైలో లోకమునకు ఉచితముగా ఇచ్చినాడు. నేడు ప్రపంచములోని సర్వరులను నడుపువారు వాడునది ప్రధానముగా ఇదియే.

అయినను తీగను కాపాడినంత మాత్రమున సెషన్ భద్రమని తలంపరాదు. 1994 డిసెంబరు 25న అమెరికాలో సుతోము షిమోమురా అను శాస్త్రజ్ఞుని యంత్రములపై జరిగిన దాడి ఇందుకు నిదర్శనము. దాడి చేసినవారు మొదట నమ్మకమైన యంత్రము వలె నటించి ఒక యంత్రములో ప్రవేశించి, అందులో ఒక చిన్న భాగమును చొప్పించి, దాని ద్వారా అప్పటికే తెరచియున్న ఒక టెర్మినల్ సెషన్‌ను వశపరచుకొన్నారు. ఆ సెషన్ మరియొక యంత్రమునకు కలిసియున్నది గనుక, అచ్చటి పాస్‌వర్డుతో నిమిత్తము లేకయే అందులోనికి పోగలిగినారు. పాస్‌వర్డును కనుగొన నక్కరలేదు. దానిని ఇచ్చి లోపలికి పోయినవాని చేతిని పట్టుకొన్నచో చాలును.

అదే యంత్రములోని ఇతరుల నుండి కూడ టెర్మినల్‌కు రక్షణ కావలెను. యూనిక్స్‌లో ఒకరి తెరపై మరియొకరు సందేశము వ్రాయు సదుపాయము ఉన్నది. 'మెస్గ్' అను ఆజ్ఞకు 'ఎన్' చేర్చి దానిని నిలిపివేయవచ్చును. ఇది కేవలము మర్యాదకు సంబంధించినది కాదు. కొన్ని టెర్మినళ్ళకు కొన్ని రహస్య అక్షరములను పంపినచో అవి తమ తెరపైనున్న దానిని కీబోర్డు నుండి వచ్చినట్లుగా తిరిగి యంత్రమునకు పంపెడివి. సందేశము రూపములో వచ్చినది ఆజ్ఞగా మారిపోవునన్నమాట. ఇట్లే, కొట్టని అక్షరములను కొట్టినట్లుగా టెర్మినల్‌లోనికి త్రోయు 'టి.ఐ.ఓ.సి.ఎస్.టి.ఐ.' అను పురాతన సదుపాయము ఒకటి కలదు. నమ్మదగని ప్రోగ్రామును మన సెషన్‌లో తక్కువ అధికారముతో నడిపినను, అది పోవుచు పోవుచు నాలుగు అక్షరములను త్రోసిపోయినచో, మన ఆజ్ఞావాహకము వానిని మన ఆజ్ఞగానే పాటించును. ఓపెన్ బి.ఎస్.డి. వారు దీనిని 2017లో తొలగించినారు. లినక్స్‌లో 2023లో వచ్చిన 6.2 సంచిక నుండి దీనిని నిలిపివేయు వీలు కల్పించినారు. దశాబ్దముల తరబడి తలుపు తెరచియుంచి, ఆ దారిని ఎవరును రాకుందురని ఆశించుట కంప్యూటర్ పండితులకును తప్పలేదు.

మన విద్యార్థులలో అధికసంఖ్యాకులు అక్షరముల టెర్మినల్‌ను పరీక్షల కొరకే చూతురు. నిత్యము వాడునది బ్రౌజరు. అందును సెషనే ఉన్నది. లాగిన్ అయిన పిమ్మట వెబ్‌సైటు మన బ్రౌజరునకు కుకీ అను ఒక చీటీ ఇచ్చును. తరువాత ప్రతి పనికిని ఆ చీటీయే చాలును. ఎరిక్ బట్లర్ అను ప్రోగ్రామరు 2010లో ఫైర్‌షీప్ అను సాధనమును విడుదల చేసి, తాళము లేని వైఫైలో ప్రక్కవాని చీటీని పట్టుకొని వాని పేరుతో లోనికి పోవుట ఎంత సులభమో లోకమునకు చూపినాడు. ఆ తరువాత పెద్ద వెబ్‌సైటులు ఒక్కొక్కటిగా సెషన్ మొత్తమును రహస్యలిపిలోనికి మార్చినవి. సెల్‌ఫోనుకు వచ్చు ఓ.టి.పి. ఉన్నది గదా, భయమేల అని అడుగువారున్నారు. ఓ.టి.పి. ద్వారపాలకుడే, లాగిన్ వేళ అడుగును. కొన్ని బ్యాంకులు సొమ్ము పంపునప్పుడు మరల అడుగుట నిజమే గాని, తెరచియున్న ఉత్తరముల పెట్టెను చదువువానిని అది అడ్డగింపదు.

ఇంటర్నెట్ కేంద్రములో ఉపకారవేతనపు దరఖాస్తు నింపు విద్యార్థిని గురించి ఆలోచింపుడు. తెరపై ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, తండ్రి ఆదాయము ఉండును. గడువు చివరిదినము, వెనుక వరుసలో పదిమంది. రశీదు ముద్రణ కాగానే విద్యార్థి కిటికీని మూసి లేచును. కిటికీ మూయుట లాగౌట్ కాదు. తరువాత కూర్చున్నవాడు బ్రౌజరును తెరచినచో దరఖాస్తు మరల ప్రత్యక్షము కావచ్చును. ఇట్టి చోట్ల లాగౌట్ అను మాటను వెదకి నొక్కి, లాగిన్ తెర మరల వచ్చినదని చూచిన పిమ్మటనే లేవవలెను. బ్రౌజరు 'పాస్‌వర్డును గుర్తుంచుకొనవలెనా' అని అడిగినచో వద్దనవలెను. మరచి ఇల్లు చేరినచో, అనేక వెబ్‌సైటులలో 'అన్ని యంత్రముల నుండి లాగౌట్' అను సదుపాయము ఉన్నది. సెల్‌ఫోను నుండియే ఆ చీటీలన్నింటిని రద్దు చేయవచ్చును.

కళాశాల కమిటీ వారికి మా విన్నపములు కొన్ని కలవు. పెక్కు సంస్థల ఆఫీసులలో ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. అది తెర అంచున అంటించిన కాగితముపై ఉండును. ఫీజులు, మార్కులు, బదిలీ ధ్రువపత్రములు అన్నియు ఆ ఒక్క పేరుతో నడచును. ఏదైనా తేడా వచ్చిన నాడు నలుగురు గుమాస్తాలలో ఎవరు చేసినదీ చెప్పుట ఎవరి తరము కాదు. నలుగురును అనుమానమునకు పాత్రులగుదురు. ప్రతి ఉద్యోగికి, ప్రతి విద్యార్థికి వేరు వేరు పేరు ఉండుట ఖర్చుతో కూడిన పని కాదు. మన సమాచార సాంకేతిక చట్టము 2000 సంవత్సరమున వచ్చినది. అనుమతి లేక ఇతరుల కంప్యూటర్‌లో ప్రవేశించుటకు దాని 43వ సెక్షను నష్టపరిహారము విధించుచున్నది. 2008 నాటి సవరణతో చేరిన 66సి సెక్షను, ఇతరుల పాస్‌వర్డును మోసపూరితముగా వాడినవానికి 3 సంవత్సరముల వరకు జైలు, 1 లక్ష రూపాయల వరకు జుర్మానా విధింపవచ్చునని చెప్పుచున్నది. కాని చేసినది ఎవరో తేలనప్పుడు చట్టము ఏమి చేయగలదు? అందరికి ఒకే పేరు పెట్టుటయనగా దోషికి ముసుగు కుట్టించి ఇచ్చుటయే.

మన వంటి కళాశాలలకు ప్రత్యేకమైన ఇబ్బంది యొకటి ఉన్నది. మన యంత్రములలో ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడు కీబోర్డు అమరికలు ఉండును. ఉర్దూలో వ్యాసము కొట్టుచు తాళము వేసి పోయిన విద్యార్థి తిరిగి వచ్చి ఇంగ్లీషు పాస్‌వర్డు కొట్టును. యంత్రము దానిని ఉర్దూ అక్షరములుగా గ్రహించి తిరస్కరించును. తెరపై చుక్కలే గనుక కారణము తోచదు. రెండు మూడుసార్లు ఇట్లయిన పిమ్మట ల్యాబు సహాయకుని బ్రతిమాలి తాళమునే తీసివేయించుట కలదు. తాళము తెర మూలలో ఏ అమరిక ఉన్నదో తెలుపు చిన్న గుర్తు ఉండును. దానిని మార్చుకొను విధమును మొదటి తరగతిలోనే నేర్పినచో ఈ బాధ తప్పును. విండోస్‌లోనైనను, నేటి లినక్స్ తెరలలో చాలవరకు అయినను, విండోస్ మీటతో ఎల్ మీటను కలిపి నొక్కినచో తాళము పడును. ఒక క్షణము పని.

ఒకరి తెర తెరచియుండగా చూచినవాడు ఏమి చేయవలెనను ప్రశ్న తరచుగా వినవచ్చును. కొందరు హాస్యమునకు ఆ పేరుతో ఒక ఉత్తరము వ్రాసి 'పాఠము చెప్పితిమి' అందురు. మేము దీనితో ఏకీభవింపము. పరాయి సొమ్ము మన చేతికి చిక్కినప్పుడు అది అమానతు అని మన ఇండ్లలో పసితనము నుండి వినుచున్నాము. తెరచియున్న సెషన్ కూడ అట్టిదే. తెరపైనున్నది చదువక, తాళపు మీటలు నొక్కి, సహాయకునికి తెలిపిన చాలును.

ల్యాబు మూయు వేళకు సహాయకుడు చేయదగిన పని యొకటి కలదు. లినక్స్ సర్వరులో 'హూ' అను ఆజ్ఞ ఇచ్చినచో ఇంకను ఎవరెవరు లోపల ఉన్నారో, ఏ టెర్మినల్‌పై ఎప్పటి నుండి ఉన్నారో వరుసగా చూపును. 'డబ్ల్యు' అను ఆజ్ఞ ఎవరి కీబోర్డు ఎంతసేపటి నుండి కదలలేదో కూడ చెప్పును. గది ఖాళీయై, కుర్చీలన్నియు బల్లల క్రిందికి నెట్టబడిన పిమ్మట ఆ పట్టికలో ఇంకను ఐదారు పేర్లు కనిపించుట అరుదు కాదు. ఆ పేర్లను తలుపుకు తాళము వేయుటకు ముందు ముగించి, మరునాటి ఉదయము నోటీసు బోర్డుపై గాక, ఆ విద్యార్థులకు విడివిడిగా చెప్పవలెను.